రెండో ఫోన్ నంబరు లేని ఇంటికి ఒక సంరక్షణ సేవ: ఏడాది వాడకం తరువాత

వయసు మీరిన తల్లిదండ్రులు ఒక ఊళ్లో, వారి ఏకైక సంతానం మరో ఊళ్లో ఉన్నప్పుడు, ఇరువైపులా పనులు చక్కబెడతామని చెప్పే నెలవారీ చందా సేవలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అలాంటి ఒక సేవను మా అమ్మానాన్నల కోసం ఏడాదికి పైగా వాడుతున్నాను. నర్సు క్రమం తప్పకుండా ఇంటికి రావడం, రోజూ ఉదయం ఒక ఫోన్ పలకరింపు, మందుల ఏర్పాటు, డాక్టరు దగ్గరికి వెంట వెళ్లే మనిషి, మెడలో వేసుకునే అత్యవసర బటన్, వీటన్నిటినీ కలిపి చూసుకునే ఒక కోఆర్డినేటర్: స్థూలంగా ఇవీ ఆ చందాలో వచ్చేవి. సంస్థ పేరు చెప్పడం లేదు. ఇక్కడ మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి. పైగా ఈ తరహా సేవల అమరిక దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, నేను చూసినవి ఏ సంస్థను ఎంచుకునేవారికైనా పనికి వస్తాయనుకుంటున్నాను.

ఇలాంటి సేవల మీద వచ్చే అభిప్రాయాల్లో నర్సు మర్యాదగా మాట్లాడిందా, సమయానికి వచ్చిందా, యాప్ సరిగ్గా పనిచేసిందా అన్నవే ఎక్కువగా కనిపిస్తాయి. అవి అక్కర్లేనివని కాదు. అయితే తోబుట్టువులు లేనివారు చూసుకోవలసింది ఇంకొకటి ఉంది. ఈ సంస్థ నాకు ఫోన్ చేసినప్పుడు నేను ఎత్తలేని స్థితిలో ఉంటే, ఆ తరువాతి అరగంటలో ఏం చేస్తుంది? నేను విమానంలో ఉండవచ్చు, నేనే ఆసుపత్రిలో పడి ఉండవచ్చు, మామూలుగా నిద్రలోనైనా ఉండవచ్చు. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒకరు ఎత్తకపోతే మరొకరు ఎత్తుతారు. ఒక్కరే ఉన్నచోట అలా కాదు. ఆ ఒక్క ఫోన్ మూగబోతే ఏర్పాటు మొత్తం అక్కడే ఆగిపోతుంది. అందుకని ఈ సేవలోని ప్రతి అంశాన్నీ నేను ఈ ఒక్క ప్రశ్నకు ఎదురుగా నిలబెట్టి చూశాను.

సమస్య చేరిన రోజే బయటపడింది. దరఖాస్తులో అత్యవసర సంప్రదింపుల కోసం రెండు గడులున్నాయి, రెండూ నింపితే తప్ప తరువాతి పేజీ తెరుచుకోదు. సంస్థ ప్రతినిధిని అడిగితే, "ఎవరైనా బంధువు నంబరు పెట్టేయండి మేడమ్, అదొక ఫార్మాలిటీ అంతే" అన్నారు. అది ఫార్మాలిటీ కాదని వారికి ఇంకా తెలియకపోవడం చూసి కాస్త జంకాను. అమ్మానాన్నల పక్కింటివారి దగ్గర మా ఇంటి తాళం చెవి ఒకటి ఉంటుంది, వారు ఏ వేళలోనైనా వచ్చి తలుపు తీయగలరు. అంతమాత్రాన అమ్మకు ఏ మందు పడదో, ఏ ఆసుపత్రిలో ఆమె పాత రికార్డు ఉందో వారికి తెలియదు, అదంతా వారి నెత్తిన పెట్టడం న్యాయమూ కాదు. తలుపు తీసే మనిషి వేరు, వైద్యులకు వివరం చెప్పగలిగే మనిషి వేరు అని దరఖాస్తులోనే రెండు వేర్వేరు గడులు ఉండాలి. చాలాసేపు వాదించాక, మొదటి అవసరానికి పక్కింటివారి నంబరూ, రెండో అవసరానికి సంస్థ కోఆర్డినేటర్ నంబరూ రాయించాను. ఈ మార్పుకు ఒప్పుకున్నందుకు సంస్థను మెచ్చుకోవాలి. నేను అడిగితే తప్ప ఆ ఆలోచన వారికి రాకపోవడాన్ని మాత్రం మెచ్చుకోలేను.

ఇక తొలి మదింపు. నా దృష్టిలో చందా మొత్తంలో అన్నిటికంటే విలువైనది ఇదే. వృద్ధుల స్వావలంబనను కొలవడానికి వైద్యరంగంలో రెండు పాత పట్టికలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. 1963లో సిడ్నీ కాట్జ్ బృందం ప్రచురించిన పట్టికలో స్నానం, దుస్తులు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలపై అదుపు, తనంతట తాను తినడం అనే ఆరు పనులుంటాయి. 1969లో లాటన్, బ్రోడీ రూపొందించిన రెండో పట్టిక ఫోన్ వాడటం, వంట, సరుకులు తెచ్చుకోవడం, మందులు వేసుకోవడం, డబ్బు లెక్కలు చూసుకోవడం వంటి ఎనిమిది పనుల గురించి. సాధారణంగా ముందు దెబ్బతినేవి ఈ రెండో పట్టికలోని పనులే. స్నానం చేయలేని స్థితి రాకముందే కరెంటు బిల్లు రెండుసార్లు కట్టడమో, మందు వేసుకున్నదీ లేనిదీ గుర్తులేకపోవడమో మొదలవుతుంది. ఫోన్‌లో మాట్లాడే పిల్లలకు ఇవి కనబడవు.

వచ్చిన నర్సు ఆ పట్టికలను చదివి టిక్కులు పెట్టుకుని వెళ్లిపోలేదు. "అన్నీ నేనే చేసుకుంటానమ్మా" అని నాన్నగారు ముందే తీర్పు చెప్పేస్తే, ఆమె నవ్వి, "అలాగే అంకుల్, ఈ కుర్చీలోంచి ఒకసారి లేచి ఆ గుమ్మం దాకా వెళ్లి వస్తారా, చూస్తాను" అంది. అది 1991 నుంచి వాడుకలో ఉన్న ఒక సులువైన పరీక్ష: కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్లు లెక్క. నాన్నగారు ఆ హద్దు దాటారు. ఆ తరువాత ఆయన పడుకుని ఉన్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు మరోసారి బీపీ చూసింది. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే, లేవగానే కళ్లు తిరగడానికి కారణం దొరికినట్టే. అంత తేడా ఆయనలో కనిపించింది. తరువాత డాక్టరు బీపీ మందు మోతాదునూ వేళనూ మార్చారు. ఉదయం లేవగానే గోడ పట్టుకుని నిలబడటాన్ని నాన్నగారు వయసు ఖాతాలో వేసి, నాకు చెప్పకుండా ఎంతకాలంగా నెట్టుకొస్తున్నారో ఆ రోజుగానీ తెలియలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఒక్క సంతానం ఉన్న తల్లిదండ్రులు తమ బాధలను దాచే తీరులో ఒక ప్రత్యేకత ఉంటుంది. నలుగురు పిల్లలుంటే ఒకరికి చెప్పనిది మరొకరికి చెబుతారు, చివరికి ఏదో దారిన అందరికీ చేరుతుంది. ఇక్కడ చెప్పుకోవడానికి ఉన్నది ఒక్కరే. తాము చెప్పే ప్రతి బాధా నేరుగా ఆ ఒక్కరి నెత్తినే పడుతుందని వారికి తెలుసు కాబట్టి ఏదీ చెప్పరు. అందుకే బయటి మనిషి చేసే మదింపు ఇలాంటి ఇళ్లలో ఎక్కువ అవసరం. ఆ నర్సు చేసిన మరో మంచి పని, అమ్మను నాన్నగారి ఎదుట కాక విడిగా కూర్చోబెట్టి మాట్లాడటం. ఆయన ఉన్నంతసేపూ అమ్మ తరఫున ఆయనే జవాబులు చెబుతున్నారు. విడిగా అడిగితే, ఒక చెవి సరిగ్గా వినబడటం లేదనీ, ఫోన్‌లో నేను చెప్పేది సగం అర్థం కాకపోయినా ఊఁ కొడుతున్నాననీ అమ్మ చెప్పింది. మదింపు కోసం వచ్చే మనిషి ఇద్దరితో కలిపి మాత్రమే మాట్లాడి వెళ్లిపోతే, ఆ సంస్థను నమ్మడానికి నేను వెనకాడతాను.

మందుల విషయంలో పని మంచిది, పద్ధతి అంతంతమాత్రం. రోజుకు అయిదు, అంతకంటే ఎక్కువ రకాల మందులు వాడేవారిని వైద్యులు ప్రత్యేకంగా గమనిస్తారు, ఎందుకంటే ఒక మందు దుష్ప్రభావాన్ని కొత్త జబ్బుగా పొరబడి దానికి ఇంకో మందు రాయడం వృద్ధుల్లో తరచుగా జరుగుతుంది. పెద్ద వయసువారికి ఏవి తగవో చెప్పే బీర్స్ జాబితా 1991 నుంచి ఉంది, దాన్ని ఎప్పటికప్పుడు సవరిస్తూనే ఉన్నారు. జలుబుకూ దురదకూ సొంతంగా కొనుక్కునే డైఫెన్‌హైడ్రమైన్, క్లోర్‌ఫెనిరమైన్ వంటి మందులు ఆ జాబితాలో ఉన్నాయంటే చాలామంది ఆశ్చర్యపోతారు. అవి పెద్దవారిలో మగతనూ తికమకనూ కలిగిస్తాయి, మలబద్ధకాన్నీ పెంచుతాయి. సంస్థ ఫార్మసిస్టు ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ బల్ల మీద పెట్టించి వీడియో కాల్‌లో చూశారు. ఇద్దరు వేర్వేరు డాక్టర్లు వేర్వేరు కంపెనీ పేర్లతో ఒకే మందును రాసిన సంగతి అలా పట్టుబడింది. అన్ని మందులూ ఒకే కాగితం మీదికి వచ్చాయి, ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీదా కోఆర్డినేటర్ దగ్గరా ఉంటుంది.

లోపం ఎక్కడంటే, మందులు అయిపోతున్నాయన్న హెచ్చరిక నా ఫోన్‌కు మాత్రమే వస్తుంది, నేను దాన్ని చూసి అనుమతి నొక్కితే తప్ప ఆర్డరు వెళ్లదు. నేను జ్వరంతో పడుకున్న వారంలో అమ్మ థైరాయిడ్ మందు నిండుకుంది. ఎన్నో ఏళ్లుగా మారని మందును మళ్లీ తెప్పించడానికి ఎవరి అనుమతి ఎందుకు? ఫిర్యాదు చేశాక, మారని మందులకు అనుమతి అవసరం లేకుండా చేశారు. వారం డబ్బాలో మాత్రలు సర్దే అటెండెంట్ పని పూర్తయిందని యాప్‌లో టిక్కు మాత్రమే పెట్టేది, ఇప్పుడు నిండిన డబ్బా ఫొటో పెడుతోంది. ఈ రెండో మార్పు కూడా అడిగితేనే వచ్చింది.

అత్యవసర బటన్ గురించి ప్రకటనల్లో వినిపించేంత ఉత్సాహం నాకు లేదు. పడిపోవడం చిన్న సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు, వారిలో ఎక్కువమంది అరవై దాటినవారే. పడిన దెబ్బతో పాటు లేవలేక గంటకు మించి నేల మీదే ఉండిపోవడం మరో ప్రమాదం: ఒంట్లో నీరు తగ్గిపోతుంది, ఒత్తిడి పుండ్లు పడతాయి, కండరాలు నలిగి ఆ వ్యర్థాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. బటన్ ఉన్నది ఈ గంటను తగ్గించడానికే. అయితే కేంబ్రిడ్జ్ నగరంలో తొంభై దాటినవారిని పరిశీలించి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో, చాలాసేపు నేల మీద ఉండిపోయినవారిలో అత్యధికులు తమకు అలారం అందుబాటులో ఉన్నా దాన్ని వాడలేదని తేలింది. నాకు అందులో వింతేమీ కనిపించలేదు. మా అమ్మ ఆ బటన్‌ను స్నానాల గది బయట కొక్కేనికి తగిలించి లోపలికి వెళుతుంది, తడిస్తే పాడవుతుందని ఆమె భయం. అది తడిసినా పాడుకాదని నర్సు నీళ్ల గ్లాసులో ముంచి చూపించాక కొంత మార్పు వచ్చింది. 2018 నుంచి కొన్ని చేతి గడియారాలు పడిన కుదుపును తామే పసిగట్టి, మనిషి నిమిషం పాటు కదలకపోతే ఫోన్ చేసే స్థాయికి వచ్చాయి. ఆ సదుపాయం ఉన్న పరికరాన్ని ఇవ్వమని అడిగితే, అది పై స్థాయి చందాలో ఉందన్నారు.

వీటన్నిటికంటే రోజూ ఉదయం వచ్చే ఫోన్ పలకరింపే నాకు ఎక్కువ భరోసా ఇస్తోంది. బటన్‌ను ఎవరో ఒకరు నొక్కాలి. పలకరింపుకు జవాబు రాకపోతే అదే అలారం. నిర్ణీత వేళకు అమ్మా నాన్నగారూ ఇద్దరిలో ఎవరూ ఎత్తకపోతే, కాసేపు ఆగి మరోసారి చేసి, ఆపైన పక్కింటివారిని పంపాలన్నది ఒప్పందం.

అది కాగితం మీది మాట. నిజంగా ఏం జరుగుతుందో చూడాలనిపించి, అమ్మానాన్నలకూ పక్కింటివారికీ ముందే చెప్పి, ఒక రాత్రి అమ్మ చేత బటన్ నొక్కించాను. నేను ఫోన్ ఎత్తకుండా చూస్తూ కూర్చున్నాను. కాల్ సెంటర్ నుంచి అమ్మకు వెంటనే ఫోన్ వచ్చింది, అందులో వంక పెట్టడానికి లేదు. ముందే అనుకున్నట్టు అమ్మ మాట్లాడలేదు. ఆ తరువాత వారు నాకు చేశారు, మళ్లీ చేశారు, మళ్లీ మళ్లీ నాకే చేశారు. "మీ తల్లిగారి నుంచి అత్యవసర సంకేతం అందింది, దయచేసి స్పందించండి" అని యాప్‌లో సందేశం పెట్టారు. పక్కింటివారికి మాత్రం ఫోన్ వెళ్లలేదు. కోఆర్డినేటర్‌కు కూడా వెళ్లలేదు. రాత్రి షిఫ్టులో ఉన్న ఉద్యోగి తెర మీద ఒక్క నంబరే కనబడుతుందనీ, మిగిలినవి లోపలి పేజీలో ఉంటాయనీ మరునాడు విచారిస్తే తెలిసింది. నేను పోట్లాడి రాయించిన ఆ రెండు నంబర్లూ, సరిగ్గా అవి అవసరమైన చోట లేవు.

ఫిర్యాదు తరువాత సంస్థ నడుచుకున్న తీరు బాగుందనే చెప్పాలి. సాకులు చెప్పలేదు. సంతానం నుంచి అయిదు నిమిషాల్లో జవాబు రాకపోతే పక్కింటివారికి, ఆ వెంటనే అంబులెన్సుకు, సమాంతరంగా కోఆర్డినేటర్‌కు ఫోన్ చేయాలని వరుస రాసి, దాని ప్రతిని నాకు పంపారు. కొన్నాళ్లు ఆగి మళ్లీ పరీక్షించాను, వరుస తప్పలేదు. ఈ తరహా సేవ తీసుకునే ప్రతివారూ మొదటి నెలలోనే ఇలాంటి పరీక్ష చేయాలని గట్టిగా చెబుతాను. అందుకు ఒప్పుకోని సంస్థ మనకు అక్కర్లేదు.

అసలు పరీక్ష అమ్మ న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరినప్పుడు వచ్చింది. నేను చేరుకోవడానికి మరునాడు అయింది. ఈలోగా కోఆర్డినేటర్ చేసిన పనులకు ఆమెకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. మందుల కాగితం, పాత రిపోర్టులు, పడని మందు వివరం ఆమె చేతిలో సిద్ధంగా ఉన్నాయి. చాలామందికి తట్టని మరో పని కూడా చేసింది: అమ్మ కళ్లద్దాలనూ వినికిడి యంత్రాన్నీ ఇంటి నుంచి తెప్పించింది. పెద్దవారు ఆసుపత్రిలో ఉన్నట్టుండి తికమకపడి, పగలో రాత్రో తెలియక మాట్లాడటం తరచుగా జరుగుతుంది, దాన్ని డెలీరియం అంటారు. చూపూ వినికిడీ సరిగ్గా అందేట్టు చూడటం, వేళ గుర్తుచేస్తూ ఉండటం, నిద్ర చెడకుండా చూడటం, వీలైనంత త్వరగా లేపి నడిపించడం వంటి మామూలు జాగ్రత్తలతో దాన్ని చాలావరకు ఆపవచ్చని షారన్ ఇనౌయె బృందం 1999లో ప్రచురించింది. ఆ అధ్యయనంలో మామూలు సంరక్షణ పొందినవారిలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ఈ జాగ్రత్తలు తీసుకున్నవారిలో అది 9.9 శాతమే. వృద్ధుల సేవ అని పేరు పెట్టుకున్న సంస్థకు ఈ మాత్రం తెలిసి ఉండాలి. మా కోఆర్డినేటర్‌కు తెలుసు.

అయితే సంతకం దగ్గర ఆగిపోయింది. ఒక పరీక్షకు సమ్మతి పత్రం ఇచ్చి, "కూతురు ఎక్కడ?" అని అడిగారు. కోఆర్డినేటర్ సంతకం పెట్టలేదు, పెట్టకూడదు కూడా. స్పృహలో ఉండి, చెప్పింది అర్థం చేసుకోగలిగిన రోగి విషయంలో ఎవరి సంతకమూ ఆమె సమ్మతి కంటే ముందు రాదు. అమ్మకు వినబడేలా నెమ్మదిగా వివరిస్తే ఆమే పెట్టింది. అర్థం చేసుకోలేని స్థితి వచ్చే రోజుకు ఎవరు మాట్లాడాలి, ఏ చికిత్స వద్దు అన్నవి ముందే రాతపూర్వకంగా ఉండాలి. ఏకైక సంతానం పేరు మొదట ఉన్నా, నేను అందుబాటులో లేకపోతే ఎవరన్నది రెండో పేరుగా అందులో ఉండాలి. సంస్థ చందాలో పత్రాలు భద్రపరిచే సదుపాయం ఉంది, వాటిని తయారు చేయించాలన్న సలహా మాత్రం లేదు. అమ్మానాన్నలతో కూర్చుని ఆ సంభాషణ నేనే మొదలుపెట్టాను. నాన్నగారు రెండో పేరుగా తన చెల్లెలి కొడుకును చెప్పారు. నేనైతే ఆ పేరు ఊహించి ఉండేదాన్ని కాదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక కొద్ది నెలలకే ఆ కోఆర్డినేటర్ ఉద్యోగం మానేసింది. ఈ సేవల బలహీనత అంతా ఇక్కడే ఉంది. కొత్తగా వచ్చిన అతను మంచివాడే, కానీ అమ్మకు ఏ చెవి వినబడదో అతనికి తెలియదు. ఏ ప్రశ్న అడిగినా నాన్నగారు "బాగానే ఉన్నాను" అనే అంటారనీ, ఆ మాటను నమ్మకూడదనీ తెలియదు. అప్పగింత పత్రంలో రక్తపోటు అంకెలున్నాయి, మనుషుల సంగతి లేదు. తోబుట్టువులుంటే ఇలాంటి జ్ఞాపకం ఇద్దరు ముగ్గురి బుర్రల్లో ఉంటుంది. ఇక్కడ అది నా దగ్గరా, మానేసి వెళ్లిపోయిన ఆమె దగ్గరా మాత్రమే ఉంది. చివరికి నేనే రెండు పేజీలు రాసి ఫైల్లో పెట్టించాను. ఎవరికి ఏది కోపం తెప్పిస్తుంది, ఎవరితో ముందు మాట్లాడాలి, ఏ లక్షణాన్ని తేలిగ్గా తీసుకోకూడదు అన్నవి అందులో ఉన్నాయి. డబ్బు తీసుకునే సంస్థ చేయవలసిన పని అది.

యాప్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. రోజుకు ఎన్నో నోటిఫికేషన్లు వస్తాయి, అన్నిటిలోనూ అంతా క్షేమమే అని ఉంటుంది, కొన్నాళ్లకు చూడటం మానేస్తాం. నెలవారీ నివేదిక మాత్రం చదవదగ్గది, ముఖ్యంగా అందులోని బరువు గీత. ప్రయత్నించకుండానే ఆరు నుంచి పన్నెండు నెలల్లో శరీర బరువులో 5 శాతం తగ్గడాన్ని వైద్యులు తీవ్రంగా తీసుకుంటారు. ఆసుపత్రి తరువాత అమ్మ బరువు అటువైపు జారుతోందని ఆ గీతే చెప్పింది. వీడియో కాల్‌లో రోజూ చూసే ముఖంలో అది తెలియదు.

తల్లిదండ్రుల వైపు నుంచి కూడా చెప్పాలి. మొదట్లో నాన్నగారు దీన్ని నిఘాగా భావించారు. "మమ్మల్ని చూడటానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టావా?" అని అడిగారు, అందులో నొప్పి ఉంది. నర్సులు చేసే ఒక అలవాటు ఆ నొప్పిని పెంచింది: ఆయన ఎదురుగానే కూర్చుని, ఆయన గురించి ఫోన్‌లో నాతో మాట్లాడేవారు. అంకెలు మొదట ఆయనకు చెప్పండి, ఆయన ఒప్పుకున్నాక నాకు పంపండి అని అడిగాను. అప్పటి నుంచి తన బీపీని ఆయనే రాసుకుని, ఫొటో తీసి నాకు ఆయనే పంపుతున్నారు. అమ్మ అభిప్రాయం వేరు. ఆమెకు ఉదయం ఫోన్ చేసే అమ్మాయి గొంతు నచ్చింది, ఆ అమ్మాయి సెలవు పెడితే ఆ రోజు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడదు.

సంతానం మీద పడే భారం గురించి సంస్థ పెద్ద మాటలే చెబుతుంది. 1980లో స్టీవెన్ జారిట్ బృందం మొదలుపెట్టి, ఇప్పుడు 22 ప్రశ్నల రూపంలో వాడుతున్న ఒక ప్రశ్నావళిని నాకు కూడా పంపారు. మీకంటూ సమయం మిగలడం లేదని అనిపిస్తుందా, మీ ఆరోగ్యం దెబ్బతిందా వంటి ప్రశ్నలు అందులో ఉంటాయి. నిజాయితీగా నింపి పంపాను. జవాబుగా వచ్చింది పై స్థాయి చందాకు మారమని ఒక సేల్స్ ఫోన్. ప్రకటనల్లో వారు వాడే "మీకు లేని తోబుట్టువు మేమే" అన్న వాక్యం మీద నాకు ఇంకో అభ్యంతరం ఉంది. తోబుట్టువులున్న స్నేహితులను అడిగితే, నలుగురున్నా చేసేది ఒకరేనని సగం మంది చెబుతారు. కాబట్టి ఆ పోలిక నన్ను ఊరించదు. నాకు కావలసింది నేను ఎత్తనప్పుడు ఎత్తే ఒక ఫోన్, నాకు గుర్తులేనిది గుర్తుండే ఒక ఫైలు. అవి సంస్థలు ఇవ్వగలిగినవే.

ఒప్పందంలో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. చందా ముందుగానే కట్టాలి. ఆసుపత్రిలో తోడుండే గంటలు, రాత్రి వేళలు విడిగా లెక్కిస్తారు. మధ్యలో మానేస్తే మిగిలినది తిరిగి వచ్చే నియమం చిన్న అక్షరాల్లో ఉంటుంది. వీటికంటే ముఖ్యమైనది మరొకటి. చందా నా బ్యాంకు ఖాతా నుంచి తనంతట తానే కట్ అవుతుంది. నాకే ఏదైనా జరిగి ఆ ఖాతా ఆగిపోతే? ఈ ప్రశ్న అడిగినప్పుడు అవతల కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒప్పందం ప్రకారం చెల్లింపు అందకపోతే నోటీసు వస్తుంది, ఆ తరువాత సేవ ఆగుతుంది. నోటీసు వచ్చేది నాకే. అంటే అమ్మానాన్నలకు సేవ అత్యంత అవసరమైన రోజునే అది ఆగిపోయే ఏర్పాటు ఇది. చాలా ఉత్తరాల తరువాత నాన్నగారి ఖాతాను ప్రత్యామ్నాయంగా చేర్చారు, నోటీసు ఆయనకూ ఆయన మేనల్లుడికీ వెళ్లేలా మార్చారు. ఒక్క సంతానం ఉన్న కుటుంబాలను ఉద్దేశించి ప్రకటనలు వేసే సంస్థ ఒప్పందంలో ఈ నిబంధన మొదటి పేజీలో ఉండాలి.

తల్లిదండ్రులు ఇద్దరూ లేచి తిరుగుతూ, జ్ఞాపకం బాగుండి, పనుల్లో కొంత సాయం మాత్రమే కావాలంటే ఈ సేవ సరిపోతుంది, డబ్బుకు తగ్గ పనే చేస్తుంది. మతిమరుపు ముదిరినవారికీ, రాత్రిళ్లు మనిషి కావలసినవారికీ ఇది చాలదు. అక్కడ ఇంట్లో ఉండే అటెండెంటో వేరే ఏర్పాటో అవసరమవుతుంది, ఆ మాట సంస్థ తనంతట తాను చెప్పదు. మదింపుకూ, ఉదయం పలకరింపుకూ, మందుల కాగితానికీ పూర్తి మార్కులు వేస్తాను. అత్యవసర స్పందనకు మొదట సున్నా వేసి, దిద్దుకున్నాక సగానికి పైగా ఇచ్చాను. ఉద్యోగులు మారినప్పుడు జరిగే అప్పగింతకు ఇప్పటికీ మార్కులు లేవు. గడువు ముగిసినప్పుడు చందాను ఏడాదికి కాక ఆరు నెలలకే పొడిగించాను. ఈలోగా కోఆర్డినేటర్ మళ్లీ మారితే, కొత్తవారు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు అమ్మకు ఏ చెవి వినబడదని అడుగుతాను.